స్నేహితురాలికి తోడుండబోతున్న నా మేనకోడలికి

తల్లీ,

ఆసుపత్రి నుంచి వస్తున్న నీ స్నేహితురాలిని కోలుకునేదాకా నీ గదిలోనే ఉంచుకుంటున్నావని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. విని పొంగిపోయాను. ఫోను పెట్టేశాక భయం పట్టుకుంది. నర్సుగా పనిచేసినదాన్ని కదా, తిండికి సంబంధించిన ఈ జబ్బులు ఇంట్లోవాళ్ళను ఎలా ఏమారుస్తాయో కళ్ళారా చూశాను.

తేలికైనవి ముందు చెప్తాను. వేళకు ఇద్దరూ కలిసి కూర్చుని తినండి. కంచం దగ్గర కేలరీల లెక్కలు వద్దు. బరువు తూచే యంత్రం ఉంటే గదిలోంచి తీసెయ్యి, ఆ సంగతి డాక్టరు చూసుకుంటారు. తిన్నాక గంటసేపు తనను ఒంటరిగా వదలకు. అసలు కష్టం అప్పుడే. డాక్టరు రాసిచ్చిన దానికి మించి ప్రేమకొద్దీ తినిపించకు. చాలాకాలం పస్తున్న శరీరానికి ఒక్కసారిగా తిండి అందితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

తను విసుక్కుంటుంది, కసురుతుంది. మనసులో పెట్టుకోకు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త బృందం ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు దాదాపు ఆరు నెలలు అరకొర తిండి పెట్టి చూసింది. వాళ్ళకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే. చిరాకు పెరిగింది, నలుగురిలోకి రావడం మానేశారు. పస్తులు మనిషిని అలా మార్చేస్తాయి. అందుకే "కాస్త తింటే ఏం పోతుంది" అనకు. అది మొండితనం కాదు, జబ్బు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. ఒకసారి మా వార్డుకు స్పృహ తప్పిన అమ్మాయిని తీసుకొచ్చారు. మనిషి సన్నగా లేదు. "ఈమధ్యే బుగ్గలు నిండాయి, కోలుకుంటోందనుకున్నాం" అని తల్లి ఏడుస్తోంది. నేను ఆ చేయి పట్టుకుని చూశాను. వేళ్ళ కణుపుల మీద చర్మం గట్టిపడి కాయలు కాసింది. గొంతులోకి వేళ్ళు పెట్టుకుని కక్కేవాళ్ళ చేతుల మీద పళ్ళు రాసుకుని అలా అవుతుంది. అతిగా తిని, ఆపైన కక్కేసే ఈ జబ్బును బులీమియా అంటారు. దాని గురించి 1979లో రాసిన వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ పేరే ఆ గుర్తుకు పెట్టారు. ఆ బుగ్గలు నిండినవి కావు, వాంతుల వల్ల లాలాజల గ్రంథులు ఉబ్బాయంతే. రక్తంలో పొటాషియం బాగా పడిపోయి గుండె లయ తప్పింది.

ఇదంతా ఆమె అక్కకు ముందే తెలుసు! ఎవరికీ చెప్పనని చెల్లెలికి ఒట్టు వేసింది. చెల్లెలి ఒళ్ళు చూసి, ప్రమాదం లేదులే అనుకుని ఆ ఒట్టును నిలబెట్టుకుంది. ఆ అమ్మాయి బతికింది. అక్క మాత్రం ఆ రాత్రంతా మంచం కోడు పట్టుకుని నిలబడే ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు.

నువ్వు మెత్తని మనసున్నదానివి. ఎవరు ప్రాధేయపడినా కాదనలేవు, నాకు తెలియదా? ఈ విషయంలో మాత్రం ఒట్టు వేశావో, నేనూరుకోను. "నీ మాటలు ఊరంతా చాటను, కానీ ప్రమాదం అనిపిస్తే డాక్టరుకు చెప్తాను" అని మొదటిరోజే ఆమెకు చెప్పెయ్యి. గుండె దడదడలాడినా, కళ్ళు తిరిగి పడినా, కాళ్ళలో సత్తువ లేదన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. బరువు మామూలుగా ఉంది కదా అని ఆగకు. "ఇప్పుడు బాగున్నావు, ఒళ్ళు చేశావు" అని మెచ్చుకోకు. తన చెవికి అది "లావయ్యావు" అనే వినిపిస్తుంది. తను నవ్విందనో, పాత పుస్తకం మళ్ళీ తీసిందనో సంతోషించు.

నీ గురించి కూడా నాకు బెంగగానే ఉంది. పదిహేనేళ్ళప్పుడు అద్దం ముందు పక్కకు తిరిగి, పొట్ట లోపలికి బిగబట్టి నిలబడేదానివి. తలుపు సందులోంచి చూశాను. ఎవరో ఏదో అన్నారని ఫోటోల్లో అందరి వెనక దాక్కునేదానివి. ఆ దిగులు ఇంకా ఉంటే నాకు చెప్పు. ఆమె ముందు నీ ఒంటిని నువ్వు తిట్టుకోకు. ఆమె లేనప్పుడు కూడా వద్దమ్మా.

డాక్టరు దగ్గరకు మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో నాకు రాయి. వారానికో సాయంత్రం ఆమెను వాళ్ళ అమ్మకు అప్పగించి నా దగ్గరికి వచ్చెయ్యి. ఆ పూట ఈ జబ్బు ఊసే ఎత్తను.

మీ అత్తయ్య