పాకిస్థాన్‌లో పుట్టిన ఇమ్రాన్ తాహిర్ దక్షిణాఫ్రికాకు ఎలా ఆడగలిగాడు?

పుట్టిన దేశానికే ఆడాలన్న నియమం క్రికెట్‌లో లేదు. పౌరసత్వం ఉన్నా, నిర్ణీత కాలం నివసించినా ఐసీసీ అర్హత ఇస్తుంది. 1979లో లాహోర్‌లో పుట్టిన లెగ్‌స్పిన్నర్ తాహిర్ పాకిస్థాన్ అండర్-19 జట్టుకు ఆడాడు గానీ, సీనియర్ జట్టు నుంచి పిలుపు రాలేదు. ఇంగ్లండ్ కౌంటీల్లో, దక్షిణాఫ్రికా దేశవాళీ పోటీల్లో ఏళ్ల తరబడి బౌలింగ్ చేసి, చివరికి దక్షిణాఫ్రికాలోనే స్థిరపడి 2011లో పౌరసత్వం పొందాడు. ఆ ఏడాది ప్రపంచకప్‌లోనే, ఢిల్లీలో వెస్టిండీస్‌పై తొలి వన్డే ఆడి 4 వికెట్లు తీశాడు. అప్పటికి అతనికి 31 ఏళ్లు. చాలామంది స్పిన్నర్లు ఆ వయసుకు పేరు తెచ్చేసుకుని ఉంటారు.

టెస్టులు మాత్రం కలిసిరాలేదు. 2012లో అడిలైడ్‌లో 37 ఓవర్లు వేసి 260 పరుగులిచ్చాడు, ఒక్క వికెట్టూ దక్కలేదు. వన్డేల్లో అదే లెగ్‌స్పిన్ 107 మ్యాచ్‌ల్లో 173 వికెట్లు తెచ్చింది.

నాకు బాగా గుర్తున్నది 2019 ప్రపంచకప్ తొలి మ్యాచ్. ఓవల్‌లో కొత్త బంతిని ఫాస్ట్ బౌలర్‌కు కాక ఈ నలభై ఏళ్ల స్పిన్నర్‌కు ఇచ్చారు. రెండో బంతికే ఇంగ్లండ్ ఓపెనర్ బెయిర్‌స్టో కీపర్‌కు క్యాచ్ ఇచ్చాడు. తాహిర్ మామూలుగానే చేతులు చాచి మైదానమంతా పరుగు!