ఐస్కోర్రి కొండ ఎక్కడానికి ఏ దారి మంచిది?

స్పెయిన్ ఉత్తరాన ఉన్న బాస్క్ ప్రాంతంలోని ఐస్కోర్రి సున్నపురాతి కొండలను ఒక్కరోజులో ఎక్కి దిగాలంటే సెగామా వైపు నుంచి వెళ్లాలా, అరాంత్సాసు వైపు నుంచా అని అడిగారు. మొదటిసారి వెళ్లేవాళ్లయితే అరాంత్సాసు. ఇందులో రెండో మాట లేదు. అక్కడి డొనోస్తియా (సాన్ సెబాస్టియన్) నగరంలో చదువుకున్న రెండేళ్లలో ఆ కొండకు నాలుగుసార్లు వెళ్లాను, మూడుసార్లు అటునుంచే.

ఓన్యాతి ఊరి నుంచి 9 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు చివర అరాంత్సాసు చర్చి ఉంటుంది. బాస్క్‌లో ‘అరాంత్సా’ అంటే ముల్లు. ముళ్లపొదలో మేరీమాత కనిపించిందన్న కథకు గుర్తుగా గోపురాల నిండా మొనదేలిన రాళ్లు పొదిగారు. అక్కడి నుంచి బీచ్ (beech) అనే చెట్ల అడవిలో ఓ గంట నడిస్తే ఉర్బియా పచ్చిక బయలు వస్తుంది. వేసవంతా అక్కడ లాచా అనే స్థానిక జాతి గొర్రెలు మేస్తుంటాయి. ఆ గొర్రెల పాలతో ఇదియాసాబాల్ అనే చీజ్ చేస్తారు. చిన్న చర్చి, ఒక సత్రం ఉన్నాయి. ఇక పైకెక్కితే 1,528 మీటర్ల ఐస్కోర్రి శిఖరం. దాని పక్కదే ఐచూరి, 1,551 మీటర్లు. బాస్క్ స్వయంపాలిత ప్రాంతంలో అంతకంటే ఎత్తైనది లేదు. ఈ రెండింటి మధ్య గట్టు మీద కాళ్లతోపాటు చేతులూ వాడాలి.

సెగామా వైపు సాన్ అద్రియాన్ గుహ ఉంది. కొండను ఇటునుంచి అటు తొలిచిన సహజమైన సొరంగం, లోపల ఒక ప్రార్థనా మందిరం. ఒకప్పుడు స్పెయిన్ నడిమధ్యనున్న కాస్టీల్ రాజ్యం నుంచి ఫ్రాన్స్‌కు పోయే బాట దానిలోంచే సాగేది. తప్పకుండా చూడండి. కానీ అక్కడి నుంచి గట్టు మీదికి ఎక్కడం చాలా నిటారు. మే నెలలో జరిగే సెగామా కొండ మారథాన్ వీడియోలు చూసి, వాళ్లు పరుగెత్తిన చోట మనం నడవలేమా అనుకుని వచ్చేవాళ్లను చూశాను. పోటీలో పరుగెత్తేవాళ్లు అలాంటి రాళ్ల మీద తర్ఫీదైనవాళ్లు. ఆ వీడియోల కింద ఈ ముక్క ఎవరూ రాయరెందుకో.

అసలు చెప్పాలనుకున్నది రాయి గురించి. మాది బేతంచెర్ల. మా నాయన నాపరాయి గనుల్లో ముప్పై ఏళ్లు పనిచేశాడు. సున్నపురాయి నాకు కొత్త కాదనే ధీమాతో వెళ్లాను. మా దగ్గర బండ పలకలు పలకలుగా లేస్తుంది. ఐస్కోర్రి రాయి అలా కాదు. 10 కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో పగడాలు, గవ్వలు పేరుకుని గట్టిపడ్డ రాయి అది. వాన నీరు దాన్ని కరిగించి కరిగించి కత్తి అంచుల్లా, కాలు ఇరుక్కునే చీలికల్లా చేసింది. ఆ చీలికల మీద గడ్డి కప్పుకుని ఉంటుంది.

రెండోసారి, అక్టోబరులో, నా రూమ్మేటూ నేనూ శిఖరం నుంచి దిగుతున్నాం. మధ్యాహ్నం రెండున్నర. ఉత్తరం నుంచి, సముద్రం వైపు నుంచి పొగమంచు వచ్చింది. పది నిమిషాల్లో ముందు నడుస్తున్నవాడి బ్యాగు కూడా కనిపించలేదు. రాళ్ల మీద బాట చూపే రంగు గుర్తులు వదిలేసి, ఫోన్‌లో మ్యాప్ చూసి ఉర్బియా దగ్గరే కదా అని అడ్డంగా దిగాం. అంతలో గంటలు వినిపించాయి. గొర్రెలుంటే పచ్చిక ఉంటుంది, పచ్చిక ఉంటే సత్రం ఉంటుంది అనుకుని ఆ చప్పుడు వెంట నడిచాం. వెళ్లి చూస్తే మూడు గొర్రెలు ఒక బండ కొసన నిలబడి ఉన్నాయి. వాటి అవతల ఏమీ లేదు, తెల్లటి మంచు తప్ప. చిన్న రాయి విసిరితే కింద పడిన చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది.

నా రూమ్మేటు వెనక్కి తిరగబోయి చీలికలో కాలు పెట్టాడు. బూటు మడమ దగ్గర కోసుకుపోయింది, కాలు మాత్రం బయటికొచ్చింది. ఇక కదలకూడదని అక్కడే కూర్చున్నాం. తాగడానికి చుక్క నీళ్లు లేవు. ఏడాదంతా వానలు పడే కొండ మీద దాహంతో కూర్చోవడం నమ్మశక్యం కాలేదు. నీరంతా చీలికల్లోంచి కొండ కడుపులోకి పోతుంది, పైన ఒక్క వాగూ ఉండదు. ఓన్యాతి దగ్గర అర్రిక్రుట్స్ గుహ అలా ఏర్పడిందే. మన బెలూం గుహలను చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

గంటకు పైగా కూర్చున్నాక మంచు కాస్త పలచబడింది. వచ్చిన దారినే, చేతికర్రతో ప్రతి బండనూ తట్టుకుంటూ పైకి నడిచాం. గనిలో మా నాయన పలుగుతో అలాగే తట్టేవాడు, డొల్లగా మోగితే కాలు పెట్టేవాడు కాదు. ఒక రాయి మీద తెలుపు, పసుపు గీతలు కనబడ్డప్పుడు నా రూమ్మేటు ఆ గీతల మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆ రాత్రి నాయనకు ఫోన్ చేస్తే తిట్టలేదు. ‘రాయి తడిసిందా?’ అని అడిగాడు. తడిసిందన్నాను. ‘తడిసిన సున్నపురాయి మీద బాట వదలకూడదురా, నీకు చెప్పలేదా’ అన్నాడు. చిన్నప్పుడు గని దగ్గర వందసార్లు చెప్పాడు.

అందుకే ఏ దారి అన్నది నా దృష్టిలో రెండో సంగతి. ఉదయం ఎనిమిదికల్లా అరాంత్సాసులో నడక మొదలుపెట్టండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు కింది నుంచే మోసుకెళ్లండి. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక శిఖరం మీద ఉండొద్దు. రంగు గీతలు వదలొద్దు, ఫోన్ ఏం చూపించినా సరే. చిక్కుకుంటే అక్కడి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేసి, ఉన్నచోటే ఉండండి.

ఉర్బియా చేరేసరికి గట్టు మీద మబ్బు కనిపిస్తే సత్రంలో వేడి సూప్ తాగి, గొర్రెలను చూసి, వెనక్కి వచ్చేయండి. నాలుగోసారి నేను చేసింది అదే. సాయంత్రం దాకా ఆ పచ్చికలో కూర్చున్నాను, శిఖరం ఒక్కసారి కూడా కనిపించలేదు. ఆ రోజంత బాగా ఐస్కోర్రి నాకు ఎప్పుడూ నచ్చలేదు.