ఫైనల్ ఫాంటసీ 16: ఇంత ఈజీ గేమ్‌లో అంత లోతు ఎక్కడుంది? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఫైనల్ ఫాంటసీ 16 పీసీలో సగం దాకా ఆడాను. కథ బాగుంది కానీ ఫైట్లు చప్పగా ఉన్నాయి. స్క్వేర్ బటన్ కొడుతూ, పవర్లు రెడీ అయినప్పుడల్లా వదులుతూ పోతే చాలు, ఎంత పెద్ద బాస్ అయినా పడిపోతున్నాడు. మా ఫ్రెండేమో ఈ గేమ్ కాంబాట్ చాలా డీప్ అంటాడు. వాడు నిజంగా ఈ గేమే ఆడాడా అని డౌట్ వస్తోంది. – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆడింది ఇదే గేమ్, మీరిద్దరూ చెప్తున్నదీ నిజమే. ఫైట్ చేయడానికి ఈ గేమ్ మీ చేతికిచ్చిన సరంజామా చాలా పెద్దది, కానీ అందులో కొంచెం వాడినా కథ చివరిదాకా వెళ్లిపోవచ్చు. మీరు ఆడే పద్ధతిలో తప్పేం లేదు. గేమ్ అడగనిది ఆటగాడు చేయకపోతే ఆ లోపం గేమ్‌దే.

ఇందులో ఫైట్ల బాధ్యత చూసింది ర్యోటా సుజుకి. అంతకుముందు క్యాప్‌కామ్ కంపెనీలో డెవిల్ మే క్రై 5 అనే యాక్షన్ గేమ్‌కి పని చేసినాయన. డెవిల్ మే క్రైలో ఫైట్ జరుగుతున్నంతసేపూ స్క్రీన్ పక్కన ర్యాంక్ కనిపిస్తూ ఉంటుంది, ఒకే దెబ్బ పదే పదే కొడితే ఆ ర్యాంక్ పెరగదు, కాబట్టి ఎవరూ చెప్పకుండానే మనమే కొత్త దెబ్బలు కలిపి చూస్తాం. ఫైనల్ ఫాంటసీ 16 కథలో ఆ ర్యాంక్ తీసేశారు. దెబ్బలన్నీ ఉన్నాయి, వాటిని వాడాలనిపించే కారణం లేదు. నా లెక్కలో అసలు సమస్య ఇదే.

ఇక లోతు ఎక్కడుందంటే, మీరు కొడుతున్న ఆ స్క్వేర్ దగ్గరే ఉంది. కత్తి దెబ్బ తగిలిన వెంటనే సరిగ్గా టైమింగ్‌తో ట్రయాంగిల్ నొక్కితే మ్యాజిక్ బర్స్ట్ వస్తుంది, ఒక చిన్న పేలుడు లాగా. ప్రతి స్క్వేర్ తరువాత ఒక ట్రయాంగిల్, ఇలా నాలుగు దెబ్బల కాంబో మొత్తం కొట్టి చూడండి. డ్యామేజ్‌లో తేడా కనిపిస్తుంది, కానీ నేను చెప్పేది డ్యామేజ్ కోసం కాదు, ఆ రిథమ్ పట్టుబడ్డాక మామూలు స్క్వేర్ కాంబోకి వెనక్కి వెళ్లబుద్ధి కాదు. అలాగే కత్తి తిప్పుతూనే ట్రయాంగిల్ నొక్కిపట్టి ఉంచితే లోపల మ్యాజిక్ ఛార్జ్ అవుతూ ఉంటుంది, కాంబో చివర్లో వదిలేయొచ్చు.

మీ పక్కన ఉన్న కుక్క టోర్గల్‌ని చాలామంది పట్టించుకోరు. కమాండ్ ఎప్పుడో ఒకసారి నొక్కి వదిలేస్తారు. మీ దెబ్బతో పాటు సరైన క్షణంలో నొక్కితే దాని దాడి బలంగా పడుతుంది, స్క్రీన్ మీద ప్రెసిషన్ అని కూడా పడుతుంది. అంటే కుడి చేత్తో స్క్వేర్, ట్రయాంగిల్, ఎడమ చేత్తో డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్లు), అంతా ఒకే తాళంలో నడవాలి. చేయడం అంత సులువు కాదు, కుదిరితే మాత్రం భలే ఉంటుంది.

డిఫెన్స్ సంగతి చూస్తే, చివరి క్షణంలో డాడ్జ్ చేసి వెంటనే కొడితే కౌంటర్ వస్తుంది, ఇది మీకు తెలిసే ఉంటుంది. అదే క్షణంలో డాడ్జ్ మానేసి ఎదురు కత్తి దూస్తే, రెండు దెబ్బలు ఒకదానికొకటి తగిలి పారీ అవుతుంది, టైమ్ కాసేపు నెమ్మదిస్తుంది. అన్ని దాడుల మీదా పని చేయదు, ఏ శత్రువు ఏ దెబ్బకి దొరుకుతాడో చూసి నేర్చుకోవాలి.

స్టాగర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. పెద్ద శత్రువులకి హెల్త్ కింద పసుపు బార్ ఉంటుంది కదా, అది సగానికి వచ్చినప్పుడు శత్రువు తూలతాడు. ఆ క్షణంలో గరుడ అనే ఐకాన్ (మీ హీరోకి పవర్లు వచ్చేది ఐకాన్లు అనే మహాశక్తి జీవుల నుంచే) పవర్‌ని సర్కిల్ బటన్‌తో వాడి, పట్టి లాగితే కింద పడేయొచ్చు. బార్ మొత్తం ఖాళీ అయితే శత్రువు కాసేపు చేతులెత్తేస్తాడు, అదే స్టాగర్. అప్పుడు డ్యామేజ్ పెరుగుతుంది, అయితే ఒక్కసారిగా పెరగదు, మీరు కొట్టే కొద్దీ ఎక్కుతూ ఒకటిన్నర రెట్ల దాకా వెళ్తుంది. కాబట్టి పెద్ద పవర్లన్నీ స్టాగర్ అయిన మరుక్షణమే వదిలేస్తే సగం వృథా. ముందు గరుడ పవర్లలో గౌజ్ లాంటి ఎక్కువ దెబ్బలు పడేదానితో ఆ సంఖ్య పైకి ఎక్కించి, ఆ తరువాత బరువైనవి వేయాలి. మీరు బహుశా ఇప్పుడు పవర్ రెడీ అయితే వేసేస్తున్నారు. స్టాగర్ కోసం ఏవి దాచుకోవాలి, స్టాగర్ తెప్పించడానికి ఏవి ఖర్చు పెట్టాలి అని ముందే పంచుకుని ఆడి చూడండి, ఇదే గేమ్ వేరే గేమ్‌లా అనిపిస్తుంది.

మీరు సగంలో ఉన్నారు కాబట్టి టైటన్ దొరికి ఉండొచ్చు. మిగతావి ముందు ముందు వస్తాయి: బహాముట్, శివ, ఓడిన్. ఒక్కోదానికి సర్కిల్ బటన్ మీద ఒక్కో ప్రత్యేక విద్య ఉంటుంది. టైటన్‌ది బ్లాక్, దెబ్బ తగిలే క్షణంలో పడితే తిరుగు గుద్దులు ఇంకా బలంగా ఉంటాయి. బహాముట్‌ది మెగాఫ్లేర్ అనే పెద్ద దాడిని నింపుకోవడం, అది నిండుతున్నంతసేపూ శత్రువు దెబ్బలకి దగ్గరగా తప్పించుకుంటే ఇంకా తొందరగా నిండుతుంది. శివది మంచు మీద జారుతూ డాడ్జ్ చేసి శత్రువుని గడ్డ కట్టించేయడం. ఓడిన్‌ది నల్ల కత్తి, దాంతో కొట్టే కొద్దీ జాన్‌టెట్సుకెన్ అనే భారీ దెబ్బ గేజ్ ఐదు లెవెళ్ల దాకా పెరుగుతుంది. ఒకేసారి మూడు ఐకాన్లు పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి రెండు పవర్లు. పైగా ఏ పవర్‌నైనా మాస్టర్ చేస్తే దాన్ని ఇంకో ఐకాన్ కింద పెట్టుకోవచ్చు. పవర్లకి పెట్టిన పాయింట్లు ఎప్పుడైనా, పైసా నష్టం లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. ఈ సౌకర్యం ఇచ్చిందే ప్రయోగాలు చేయమని.

మరి ఇంత ఉండి ఎందుకు కనబడదు? ఒకటి, ఇవన్నీ చాలా ఆలస్యంగా వస్తాయి, మొదటి కొన్ని గంటలు ఫీనిక్స్, గరుడతోనే గడిచిపోతాయి. రెండోది ఇంకా ముఖ్యం. గాల్లోకి లేపి కాంబోలు కొట్టగలిగే చిన్న శత్రువులు కాంబో పూర్తయ్యేలోపే చచ్చిపోతారు, ఎక్కువసేపు నిలబడే పెద్ద శత్రువులని గాల్లోకి లేపలేం. కబడ్డీలో ఎదుటి జట్టు పట్టుకోవడానికే రాకపోతే రైడర్ దగ్గర ఎన్ని విద్యలుంటే ఏం లాభం, ఇక్కడా అదే పరిస్థితి. దానికి తోడు బాస్ దగ్గర చనిపోయినా ఆ ఫైట్ మధ్యలో ఉన్న చెక్‌పాయింట్ నుంచి, పోషన్లు (హెల్త్ నింపే మందులు) మళ్లీ ఇచ్చి మరీ గేమ్ మిమ్మల్ని లేపుతుంది. తప్పు చేసినందుకు పెద్దగా ఏమీ పోదు కాబట్టి తప్పు ఎక్కడ చేశామో ఆలోచించే అవసరమూ రాదు.


ప్రశ్న: అయితే మొదటి నుంచే హార్డ్ మోడ్ పెట్టుకుని ఆడొచ్చు కదా? సెట్టింగ్స్ అంతా వెతికాను, నాకు దొరకలేదు. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: దొరకదు, ఎందుకంటే లేదు. మొదటిసారి ఆడేటప్పుడు స్టోరీ ఫోకస్డ్, యాక్షన్ ఫోకస్డ్ అని రెండే ఉంటాయి, రెండోది కూడా కష్టమైనదేం కాదు. అసలు కష్టం ఉన్నది ఫైనల్ ఫాంటసీ మోడ్‌లో, అది గేమ్ ఒకసారి పూర్తి చేశాక న్యూ గేమ్ ప్లస్‌లో, అంటే సంపాదించిన పవర్లతో అదే కథ మళ్లీ మొదలుపెట్టినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది. అక్కడ శత్రువుల ఏర్పాటు మార్చారు, బలమైనవాళ్లు ముందే ఎదురవుతారు, మీ లెవెల్ కూడా 50 దగ్గర ఆగకుండా 100 దాకా వెళ్తుంది. పవర్లన్నీ చేతిలో ఉంటాయి, శత్రువులు కూడా తొందరగా చావరు, కాబట్టి నేను పైన చెప్పినవన్నీ అక్కడ నిజంగా పనికొస్తాయి.

దీన్ని మొదటి నుంచీ ఇవ్వకపోవడం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం. పదుల గంటల కథ పూర్తి చేసి, మళ్లీ అదే కథ రెండోసారి ఆడే ఓపిక ఎంతమందికి ఉంటుంది? యాక్షన్ గేమ్‌లు ఇష్టపడి కొన్నవాళ్లలో చాలామంది ఇది బటన్లు కొట్టుకునే గేమ్ అనుకుని మొదటి ఆటతోనే పక్కన పెట్టేస్తారు. యాక్షన్ రానివాళ్లకి కూడా అందాలని తయారీదారులు ఆలోచించడం మంచి పని, దాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ వాళ్లకి తలుపు తెరవడానికి వేరేవాళ్లకి తలుపు మూయక్కర్లేదు, మూడో ఆప్షన్ ఒకటి మెనూలో పెట్టి ఉంటే సరిపోయేది.

రెండోసారి దాకా ఆగలేకపోతే హైడ్‌అవేలో (గేమ్‌లో మీ హీరో స్థావరం) ఉన్న ఆరిటే స్టోన్ దగ్గరికి వెళ్లండి. అక్కడ ట్రైనింగ్ ఉంది, ఆడేసిన స్టేజీలు మళ్లీ ఆడొచ్చు, ఆర్కేడ్ మోడ్‌లో అయితే మీరు ఫైట్ చేసే తీరుకి స్కోరు కూడా వేస్తుంది. పైన వరంగల్ పాఠకుడికి చెప్పిన ఆ ర్యాంక్ లోటు ఇక్కడ కొంత తీరుతుంది. నోటీస్ బోర్డు హంట్లలో (కథకి బయట ఇచ్చే వేటలు) పై ర్యాంకు మృగాలు కూడా వదలొద్దు, ముఖ్యంగా స్వరోగ్ అనే డ్రాగన్. కథలో ఏ బాస్ కూడా దానంతగా డాడ్జ్ చేయించదు.

డబ్బు పెట్టగలిగితే రెండు డీఎల్‌సీలు (విడిగా కొనుక్కునే అదనపు భాగాలు) ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో వచ్చిన ఎకోస్ ఆఫ్ ది ఫాలెన్ చిన్నదే, కానీ చివర్లో ఒమేగా అనే బాస్ ఉంది, అది మిమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వదు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ది రైజింగ్ టైడ్‌లో లెవయథాన్ పవర్‌తో పాటు కైరోస్ గేట్ అని ఇరవై అంచెల పరీక్ష ఉంటుంది, దానికి ర్యాంకులు కూడా ఇస్తారు. ఈ గేమ్ ఫైట్లు ఎలా ఉండాలని తయారుచేసినవాళ్లు కోరుకున్నారో తెలియాలంటే కైరోస్ గేట్ ఆడాలి. అంత మంచిది తీసుకెళ్లి గేమ్‌లో అన్నిటికన్నా చివర పెట్టారని నాకు బాధగా ఉంటుంది.


ప్రశ్న: మా నాన్నగారు రిటైర్ అయ్యాక నా పీఎస్5లో ఈ గేమ్ మొదలుపెట్టారు. ఆటోమేటిక్‌గా డాడ్జ్ చేసే ఉంగరం, ఒక్క బటన్‌తో కాంబోలు కొట్టే ఉంగరం పెట్టుకుని ఆడుతున్నారు. మా తమ్ముడు అది ఆడటమే కాదని రోజూ ఏడిపిస్తున్నాడు. ఏం చెప్పమంటారు? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తమ్ముడిని ఆపమని చెప్పండి. నాన్నగారిని ఆడనివ్వండి. ఆ టైమ్లీ ఉంగరాలు ఐదూ గేమ్ మొదటి నుంచే అందరికీ ఇస్తుంది, దొంగదారిన వచ్చినవి కావు.

పైగా ఆ వయసులో కంట్రోలర్ పట్టుకుని అన్ని గంటల కథ ఆడుతున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. అయితే ఒక్క మాట, ఆయనకే ఆసక్తి ఉంటేనే. ఆటో డాడ్జ్ ఉంగరం తీసి దాని స్థానంలో టైమ్లీ ఫోకస్ పెట్టి చూడమనండి. ఇది తనంతట తాను తప్పించదు, దెబ్బ పడబోయే ముందు టైమ్ నెమ్మది చేసి ఇప్పుడు నొక్కు అని చూపిస్తుంది. నొక్కేది ఆయనే. ఇలా కొన్నాళ్లు ఆడితే శత్రువు ఏ భంగిమలో ఉన్నప్పుడు దెబ్బ వస్తుందో కంటికి అలవాటవుతుంది, ఆ తరువాత అది కూడా తీసేయొచ్చు. మామూలు ట్యుటోరియల్ చెప్పలేని విషయాన్ని ఈ ఉంగరం చక్కగా నేర్పిస్తుంది. కాంబోల ఉంగరం మాత్రం నేర్పేది తక్కువ, స్క్వేర్ ఒక్కటే నొక్కుతుంటే పవర్లతో సహా అన్నీ అదే వేసేస్తుంది కాబట్టి ఏది ఎందుకు పడిందో తెలియదు. కథ కోసమే ఆడుతుంటే అదీ ఉంచుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.


ప్రశ్న: కీబోర్డు మీద ఆడొచ్చా?

జవాబు: ఆడొచ్చు కానీ నేను కంట్రోలరే తీసుకోమంటాను. టోర్గల్ కమాండ్, కత్తి, మ్యాజిక్ ఒకేసారి నడిపించాలంటే రెండు బొటనవేళ్లు ఖాళీగా ఉండాలి, కీబోర్డు మీద మూవ్‌మెంట్‌కే ఎడమ చేయి సరిపోతుంది. కొనే ముందు డెమో ఆడండి, ఉచితం. ప్రోలాగ్ అయిపోగానే ఆపేయకండి, దాని తరువాత ఐకానిక్ ఛాలెంజ్ అని ఇంకో భాగం తెరుచుకుంటుంది, అందులో ముందు ముందు వచ్చే పవర్లు చేతికి ఇస్తారు. ఫైట్ల రుచి తెలిసేది అక్కడే, ప్రోలాగ్ చూసి తీర్పు చెప్పొద్దు.


ప్రశ్న: ఇలాగే పైకి ఈజీగా కనిపిస్తూ లోపల లోతున్న గేమ్ ఇంకోటి చెప్పండి. కానీ కష్టం మాత్రం మొదటి నుంచే కావాలి. – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కింగ్‌డమ్ హార్ట్స్ 2 ఫైనల్ మిక్స్. డిస్నీ బొమ్మలు చూసి పిల్లల గేమ్ అనుకోకండి. మామూలు డిఫికల్టీలో ఎక్స్ బటన్ కొడుతూనే చాలా దూరం వెళ్లిపోవచ్చు, సరిగ్గా మీరడిగిన బాపతే. కానీ 2007లో జపాన్‌లో వచ్చిన ఈ ఫైనల్ మిక్స్ వెర్షన్‌లో క్రిటికల్ మోడ్ చేర్చారు, దాన్ని మొదటి ఆటలోనే ఎంచుకోవచ్చు. హెల్త్ బాగా తక్కువ, దెబ్బలు గట్టిగా తగులుతాయి, బదులుగా కొన్ని ఎబిలిటీలు, వాటిని పెట్టుకోవడానికి కావలసిన పాయింట్లు (ఏపీ) ఎక్కువగా మొదట్లోనే మీ చేతిలో పెడతారు. కష్టం పెంచడం అంటే శత్రువు హెల్త్ పెంచేయడం కాదని, ఆటగాడికి కూడా పనిముట్లు ఇచ్చి రంగంలోకి దించాలని తెలిసినవాళ్లు చేసిన పని అది.

ఇంకా కావాలంటే అందులో నో ఎక్స్‌పీరియన్స్ అనే ఎబిలిటీ ఉంది. అది పెట్టుకుంటే చివరిదాకా లెవెల్ 1లోనే ఉండిపోతారు. గార్డ్, రిఫ్లెక్ట్ మ్యాజిక్, ఏ బాస్ ఎన్ని దెబ్బలు తిన్నాక తిరగబడతాడు అన్నవన్నీ తెలియకుండా ముందుకు పోలేరు. ఇప్పుడు పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో కూడా దొరుకుతోంది, సిరీస్‌లోని మరికొన్ని గేమ్‌లతో కలిపి ఒక కలెక్షన్‌గా అమ్ముతున్నారు. మొదటి భాగం ఆడకపోతే కథ అర్థం కాదు, కాబట్టి అదే కలెక్షన్‌లో ఉన్న మొదటి గేమ్ ముందు ఆడి, తరువాత రెండోదాన్ని నేరుగా క్రిటికల్‌లో మొదలుపెట్టండి.