సూక్ష్మజీవులతో రసాయనాల తయారీ సులువే అయితే కంపెనీలన్నీ ఆ దారి ఎందుకు పట్టలేదు?

బూజులూ బ్యాక్టీరియా చక్కెర తిని మందులు తయారుచేస్తున్నప్పుడు, అది ఇడ్లీ పిండి పులియబెట్టడం లాంటిదే అయినప్పుడు, ఇంకా రసాయన చర్యల మీదే ఎందుకు ఆధారపడుతున్నారని మీరు అడిగారు. హైదరాబాదు శివార్లలోని ఒక ఫెర్మెంటేషన్ యూనిట్‌లో తొమ్మిదేళ్లు పనిచేసినవాడిగా సమాధానం రాస్తున్నాను.

పిండిని రకరకాల బ్యాక్టీరియా కలిసి పులియబెడతాయి, ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఇడ్లీకి పెద్ద నష్టం లేదు. మా ఫెర్మెంటర్‌లో, అంటే సూక్ష్మజీవులను పెంచే మూసిన ట్యాంకులో మాత్రం ఆస్పర్జిల్లస్ టెర్రియస్ అనే బూజు ఒక్కటే ఉండాలి. కొలెస్టరాల్‌ను తగ్గించే లోవాస్టాటిన్‌ను అది చురుగ్గా పెరిగే రోజుల్లో కాక, ఎదుగుదల మందగించిన తరువాతే ఎక్కువగా తయారుచేస్తుంది కనుక, బ్యాచ్ వారం దాటి నడుస్తుంది. మీడియాను, అంటే బూజుకు ఆహారంగా పోసే పోషక ద్రవాన్ని, 121 డిగ్రీల వద్ద ఆవిరితో శుద్ధి చేసిన క్షణం నుంచి అన్ని రోజులూ మరో జీవి అందులోకి రాకూడదు.

నేను చేరిన రెండో ఏడు, ఒక రాత్రి షిఫ్ట్‌లో, ఆరో రోజు నడుస్తున్న బ్యాచ్‌లో పీహెచ్ ఉన్నట్టుండి పడిపోసాగింది, అంటే ద్రవంలో ఆమ్లగుణం పెరగసాగింది. నమూనా తీసి స్లైడ్ చూస్తే బూజు పోగుల మధ్య సన్నని కడ్డీల్లాంటి బ్యాక్టీరియా ఈదులాడుతున్నాయి. ద్రవంలోని జీవులన్నిటినీ ఆవిరితో చంపి, మొత్తం ద్రవాన్ని వ్యర్థజలాల శుద్ధికి పంపవలసి వచ్చింది. తరువాత విప్పి చూస్తే, శాంపిల్ వాల్వ్ గాస్కెట్‌లో గోటి అంచంత చీలిక కనిపించింది. ఆ రబ్బరు ముక్కను చేతిలో పట్టుకున్నప్పుడు కలిగిన బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది.

రెండో కష్టం గాలి. 25 డిగ్రీల నీటిలో గాలి నుంచి లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే కరుగుతుంది, పోగులు పెరిగి ద్రవం గంజిలా చిక్కబడితే అది జీవులకు అందడం మరింత కష్టమవుతుంది కాబట్టి, వడకట్టిన గాలిని రాత్రింబగళ్లు పంపుతూ కలుపుతూనే ఉండాలి. పైగా బూజు తనంతట తానే వేడిని పుట్టిస్తుంది. మే నెలలో బయట ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు లోపల 28 నిలబెట్టడానికి చల్లబరిచే యంత్రాలకు (చిల్లర్లకు) అయ్యే కరెంటు ఖర్చు తక్కువ కాదు. చివరికి ఆ నీళ్లలోంచి కొద్దిపాటి మందును వేరుచేసి శుద్ధి చేయాలి.

అందుకే మామూలు అణువులకు రసాయన పద్ధతే చాలాసార్లు చవక. నిర్మాణం జటిలమైనప్పుడు మాత్రం జీవిదే పైచేయి. 1997లో మన హైదరాబాదులోనే శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసిన హెపటైటిస్ బి టీకాలోని ప్రొటీన్‌ను ఈస్ట్ చేతే తయారుచేయించారు. సిట్రిక్ ఆమ్లం అంత జటిలమైనది కాకపోయినా, ఆస్పర్జిల్లస్ నైజర్ దాన్ని పుష్కలంగా ఇస్తుందని 1917లో జేమ్స్ కర్రీ చూపిన తరువాత అంతవరకు దాన్ని తీస్తూ వచ్చిన నిమ్మకాయల అవసరం క్రమంగా తగ్గిపోయింది.

మీకు ఇంటర్న్‌షిప్ దొరికితే, జన్యువులు మార్చే ల్యాబ్‌తో పాటు ఫెర్మెంటర్ పక్కన నాలుగు రాత్రి షిఫ్టులు కూడా ఉండనివ్వమని తప్పకుండా అడగండి.