సాయంత్రం ట్రైన్ లోపు బెజవాడలో పాత కట్టడాలు చూడాలంటే

మీరు ఒక్క రోజే ఉంది, అమ్మవారి గుడి కాకుండా పాత కట్టడాలు ఏం చూడాలి అన్నారు కదండీ, స్టేషన్‌లో దిగగానే సామాను క్లోక్‌రూమ్‌లో పడేసి పొద్దున్నే ఉండవల్లి గుహలకి వెళ్ళిపోండి, ప్రకాశం బ్యారేజీ దాటితే దగ్గరే, ఆటో మాత్రం ఎక్కకముందే బేరమాడుకోండి. కొండని తొలిచి నాలుగు అంతస్తులు చేశారు, ముందు నుంచి చూస్తే బౌద్ధ విహారంలా ఉంటది, పైకెక్కితే పడుకున్న అనంతపద్మనాభస్వామి, నిలువెత్తు మనిషికి దాదాపు మూడింతలు పొడుగు. అందరూ ఆయన దగ్గర సెల్ఫీ దిగి వెళ్ళిపోతారు గానీ కింది అంతస్తు చూడండి, పని పూర్తికాకుండా వదిలేశారు, నాకైతే అదే ఇష్టం, రాయిని ఎలా తొలిచేవాళ్ళో అక్కడే అర్థమవుద్ది.

ఎండ ముదిరాక బందరు రోడ్డులో బాపు మ్యూజియం (బొమ్మల బాపు గారి పేరు, గాంధీజీది కాదు), 1887లో విక్టోరియా జూబ్లీ పేరుతో మొదలైన బిల్డింగు, 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా చూపించింది ఇక్కడే. సెలవు రోజేమో ముందే కనుక్కోండి. టైం మిగిలితే మొగల్రాజపురం గుహలు, బాగా అరిగిపోయినై, చుట్టూ ఇళ్ళే, ఎక్కువ ఊహించుకోకండి. కొండపల్లి కోట ఈసారికి వదిలేయండి, ఊరికి దూరం, ట్రైన్ మిస్సవుతారు.