కీమోలో క్రియాటినిన్ 0.5 అంటే కిడ్నీలు బాగున్నట్టా, కండ కరిగినట్టా?

అనంతపురంలో కీమో తీసుకుంటున్న తమ నాన్న రిపోర్టు గురించి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ముందు కండనే అనుమానించండి. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడపోసి పంపే వ్యర్థం, అది పుట్టేది కండలోని క్రియాటిన్ నుంచి. కండ తగ్గితే అదీ తగ్గుతుంది, కిడ్నీ కొంత దెబ్బతిన్నా రిపోర్టు బాగున్నట్టే కనిపిస్తుంది. అసలు భయం మందు మోతాదు దగ్గర: కార్బోప్లాటిన్ అనే కీమో మందు డోసు కిడ్నీ వడపోత లెక్కతో కడతారు. క్రియాటినిన్ కండ తగ్గి పడిపోయినందువల్ల ఆ లెక్క ఎక్కువ చూపిస్తే మందు ఎక్కువై రక్తకణాలు పడిపోతాయి.

అందుకే కిడ్నీ పనితీరు చూపే మరో రక్తపరీక్ష సిస్టాటిన్-సి కూడా చేయించాలా అని డాక్టరుగారిని అడగండి. అది దాదాపు అన్ని కణాల నుంచీ వస్తుంది, కండతో దానికి సంబంధం తక్కువ. క్రియాటినిన్‌ను దానితో భాగించి 100తో గుణిస్తే వచ్చే అంకె నెలనెలా దిగుతుంటే కండ పోతోందని సూచన. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాడేటప్పుడు సిస్టాటిన్ పెరుగుతుంది, అప్పుడు ఈ లెక్క నమ్మొద్దు. ముందురోజు రాత్రి మాంసం తిన్నా, మన ఎండల్లో నీళ్లు తక్కువ తాగినా క్రియాటినిన్ పెరిగి కండ నష్టాన్ని కప్పేస్తుంది. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్ కండకు గుర్తు కాదు. ఇన్ఫెక్షన్ ఉన్నా పడిపోతుంది, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సీఆర్‌పీ రక్తపరీక్షతో కలిపి చూడాలి.

ఒంటి సత్తువ మాత్రం రక్తంలో తెలియదు. చేతులు ఛాతీమీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోడానికి 12 సెకన్లు, అంతకుమించి పడితే ఆ సంగతి రాసుకెళ్లి చెప్పండి. మగవాళ్లకు పిక్క చుట్టుకొలత 34 సెం.మీ. లోపుంటే అదీ చెప్పాలి, కాళ్లవాపు ఉంటే మాత్రం ఆ కొలత పనికిరాదు.