గుండె సమస్య ఫిట్స్ లాగా కనిపిస్తుందా?

అవును, గుండె లయ తప్పి స్పృహ పోయినప్పుడు కూడా కాళ్లూ చేతులూ కొట్టుకుని అచ్చం ఫిట్స్ లాగే కనిపించవచ్చు. గుండె మరీ వేగంగా కొట్టుకున్నా, కొన్ని సెకన్లు ఆగినా మెదడుకు చాలినంత రక్తం అందదు. ఆ లోటుకే ఒళ్లు బిగుసుకుని కుదుపులు వస్తాయి. ఉదాహరణకు, లాంగ్ క్యూటీ సిండ్రోమ్ (గుండె విద్యుత్ వ్యవస్థలోని లోపం వల్ల లయ తప్పే జబ్బు) ఉన్న పిల్లలు కొందరు ఈత కొడుతూనో, అలారం మోతకు ఉలిక్కిపడో స్పృహ తప్పుతారు. ముఖం పాలిపోతుంది, లయ కుదుటపడితే సాధారణంగా త్వరగానే తేరుకుంటారు. పెద్ద ఫిట్స్ తర్వాతైతే మగత, అయోమయం చాలాసేపు ఉంటాయి.

కుదుపులు వస్తే మూర్ఛేనని, బట్టల్లో మూత్రం పోతే ఇక సందేహమే లేదని చాలామంది అనుకుంటారు. ఈ రెండూ గుండె వల్లా జరుగుతాయి. అందుకే మొదటిసారి ఫిట్స్ వచ్చినవాళ్లకు మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీతో పాటు గుండె లయను చూసే ఈసీజీ కూడా తీయాలి. ఈసీజీ మామూలుగా వచ్చినా అనుమానం తీరకపోతే హోల్టర్ (ఒంటికి తగిలించి గుండె లయను ఆగకుండా నమోదు చేసే చిన్న పరికరం) పెట్టి 24 గంటలో, ఇంకా ఎక్కువో గమనిస్తారు.